ఎరుపు వెనుక బంగారు రేకు

స్విట్జర్లాండ్‌లో రోన్ నది రెండు కొండల మధ్య ఇరుక్కుని పారే చోట సాన్ మోరీస్ అనే చిన్న ఊరుంది. నిటారుగా లేచిన కొండరాయిని ఆనుకుని అక్కడొక మఠం. బర్గండీ రాజు సిగిస్ముండ్ దాన్ని 515లో నెలకొల్పాడు. ఆ మఠం భాండాగారంలో జానెడు పొడవు కూడా లేని ఒక పెట్టె ఉంది. ఇంటి పైకప్పులా రెండు వైపులా వాలిన మూత, ముందంతా ఎర్రటి రాళ్లు, మధ్యమధ్య ముత్యాలు. క్రైస్తవ సాధువుల అస్థికలు దాచడానికి 7వ శతాబ్దంలో చేసిన పెట్టె అది.

చూసేవాళ్లంతా ముందువైపే చూస్తారు. నేను మాత్రం వెనకవైపు నుంచి మొదలుపెడతాను. అక్కడ రాళ్లు లేవు. ఐమూలగా గళ్లు గళ్లుగా గీతలు, ఆ గళ్లలో ఒక్కొక్కటిగా కూర్చిన లాటిన్ అక్షరాలు. తియుదెరిక్ అనే పూజారి సెయింట్ మారిస్ గౌరవార్థం దీన్ని చేయించాడనీ, నోర్దోలాస్, రిహ్లిందిస్ అనే ఇద్దరు పని పురమాయించారనీ ఆ అక్షరాలు చెబుతాయి. చివర మరో రెండు పేర్లు: చేసినవాళ్లు ఉందిహో, ఎల్లొ.

ఆ కాలంలో పనివాళ్ల పేర్లు మిగలడం ఎంత అరుదో తలచుకుంటే, ఈ రెండు పేర్ల దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. వాళ్లు ఏ ఊరివాళ్లో, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. కానీ వాళ్ల కులవిద్య లాంటి ఆ పనితనాన్ని గురించి ఇవాళ మనకు చాలా తెలుసు. ఆ తెలివిడి చరిత్ర గ్రంథాల నుంచి కొంతే వచ్చింది. మిగిలినదంతా సూక్ష్మదర్శినుల నుంచి, లేజర్ల నుంచి, ప్రోటాన్లను పరుగెత్తించే యంత్రాల నుంచి వచ్చింది.

*

ముందువైపు ఎరుపు గార్నెట్‌ది. రాళ్లలో అది అంత ఖరీదైనది కాదు. మన నవరత్నాల్లోని గోమేధికం కూడా గార్నెట్ కుటుంబానిదే గానీ, దాని రంగు తేనె రంగు. ఇక్కడ వాడింది ముదురు ఎరుపు రకం, ఆల్మండైన్. అందులోని ఇనుమే ఆ రంగుకు కారణం. చేతిలోకి తీసుకుంటే ఆల్మండైన్ గడ్డ దాదాపు నల్లగా కనిపిస్తుంది. అంచు పలచనైన చోట మాత్రం ఎర్రటి మెరుపు. పశ్చిమ యూరప్‌ను ఏలిన ఫ్రాంకుల కంసాలులు 5వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం దాకా ఈ నల్లటి గడ్డల నుంచి నిప్పుకణికల్లాంటి ఎరుపును బయటికి రప్పించారు. ఎలా రప్పించారన్నదే ఈ విద్య అంతా.

ఒక్క గడి తీసుకుందాం. ముందు లోహపు రేకు. దాని మీద బంగారు పట్టీలను అంచు మీద నిలబెట్టి టంకం పెడతారు. అలా చిన్న చిన్న గదులు ఏర్పడతాయి. గది అడుగున కొంచెం ముద్ద నింపుతారు. స్వీడన్ పరిశోధకురాలు బిర్గిట్ అర్రేనియస్ ఆ ముద్దల గురించి ఏళ్ల తరబడి చేసిన పరిశోధన 1985లో పుస్తకంగా వచ్చింది. ఇసుక, సున్నపురాయి పొడి, మైనం లాంటివి అందులో ఉన్నాయి. మన కంసాలులు నగ లోపల లక్క నింపినట్టే ఇది. ఆ ముద్ద మీద పలచని బంగారు రేకు, రేకు మీద గార్నెట్ పలక. చివర్లో గది గోడల అంచును రాతి మీదికి కొద్దిగా ఒత్తి నునుపు చేస్తే రాయి కదలదు. జిగురు కనపడదు, గోరులాంటి పట్లు కనపడవు. ఎరుపు, దాని చుట్టూ వెంట్రుకలాంటి బంగారు గీత. అంతే కంటికి ఆనేది.

ఇంత చెప్పాక కూడా అసలు కష్టం చెప్పినట్టు కాదు. పలక సంగతి చూడండి. గార్నెట్ అభ్రకంలా పొరలుగా ఊడిరాదు. పగలగొడితే గాజులా ఎలా పడితే అలా పగులుతుంది. దాన్ని ఒక మిల్లీమీటరు మందానికి, ఒక్కోసారి అంతకన్నా పలచగా, రెండు ముఖాలూ సమంగా అరగదీయాలి. మామూలు ఇసుకతో అయ్యే పని కాదు. ఇసుకలోని క్వార్ట్జ్ గార్నెట్ కన్నా కొంచెం మెత్తన. ఎమరీ లాంటి గట్టి పొడి కావాలి. దాన్ని గట్టిపరిచే ఖనిజాన్ని కోరండం అంటారు. ఆ ఇంగ్లీషు పేరు తమిళ కురుందం నుంచి వెళ్లింది, మన కురువిందానికి అది తోబుట్టువే.

పలక తయారైన తర్వాత దాన్ని గది ఆకారానికి కోయాలి. చదరాలు, త్రికోణాలు అయితే ఫరవాలేదు. కానీ వీళ్లకు మెట్లమెట్లుగా ఉండే అంచులంటే మోజు. పక్కపక్క పలకలు ఒకదాని మెట్టులో మరొకటి కూర్చునేలా కోసేవారు. కొన్ని పలకల లోమూలల్లో సన్నటి చక్రం ఒరిసిన వంపు గుర్తులు సూక్ష్మదర్శిని కింద ఇవాళ్టికీ కనిపిస్తాయి. చేత్తోనో కాలితోనో తిప్పే చక్రం, దాని అంచుకు నూనెలో తడిపిన పొడి, రాతి మీద మెల్లగా మెల్లగా దిగే గాడి. పలక చివరి నిమిషంలో విరిగితే మళ్లీ మొదటి నుంచి. చిన్న నగలో కూడా ఇలాంటి పలకలు పదులకొద్దీ ఉంటాయి, పెద్ద పనుల్లో వందలు.

ఇక బంగారు రేకు. నా దృష్టిలో ఈ విద్య మొత్తానికి ప్రాణం అదే. ఆ రేకు నున్నగా ఉండదు. దాని మీద అడ్డం నిలువు గీతలతో గళ్లు అద్ది ఉంటాయి. కొన్ని రేకుల్లో మిల్లీమీటరుకు మూడు నాలుగు గీతలు. ఒక ఆవగింజ పట్టేంత చోట్లో ఎన్ని గళ్లో ఊహించుకోవచ్చు. వెలుగు పలక లోపలికి దిగి, ఎరుపు పులుముకుని, అడుగున రేకును తాకుతుంది. రేకు నున్నగా ఉంటే అద్దంలా ఒకే దిక్కుకు తిప్పికొట్టేది. చూసే కన్ను ఆ దిక్కున లేకపోతే రాయి మళ్లీ నలుపే. గళ్లున్నాయి కాబట్టి ఒక్కో గడి గోడ వెలుగును ఒక్కో వైపుకు చిమ్ముతుంది. నగ కొద్దిగా కదిలితే చాలు, దీపం కొద్దిగా ఊగితే చాలు, ఎరుపంతా ప్రాణం వచ్చినట్టు కదులుతుంది. కొవ్వొత్తుల వెలుగులో తప్ప చూడని కాలానికి చేసిన ఏర్పాటు ఇది. ఇవాళ మ్యూజియం అద్దాల వెనుక కదలని విద్యుద్దీపాల కింద ఆ పని సగమే చూపిస్తోంది.

మన కుందనపు పనిలోనూ రాయి కింద రేకు పెడతారు. వెలుగును వెనక్కి తిప్పి రాయికి కళ తేవడమే అక్కడా ఉద్దేశం. రెండు పనులకూ చుట్టరికం ఉందని నేను అనను. ఒకే చిక్కు ఎదురైనప్పుడు తెలివైన చేతులు ఎక్కడున్నా దగ్గర దగ్గర దారులే కనిపెడతాయి. ఫ్రాంకులు ఆ రేకు మీద గళ్లు అద్దే దాకా వెళ్లారు. ఎవరికీ కనపడని చోట, రాయి కింద, శాశ్వతంగా మూసేసే గదిలో అంత సన్నని పని చేయడానికి ఎంత నమ్మకం కావాలి?

*

పారిస్‌కు ఉత్తరాన సాన్ దెనీ బసిలికా ఉంది. ఫ్రాన్స్ రాజుల్లో చాలామంది సమాధులు అక్కడే. 1959లో మిషెల్ ఫ్లూరీ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ గుడి నేల కింద ఒక రాతి శవపేటికను తెరిచాడు. లోపల ఒక స్త్రీ. ఆమె వేలి ఉంగరం మీద ఆర్నెగుండిస్ అనే పేరు, మధ్యలో రాణి అని చెప్పే ముద్రాక్షరాలు. రాజు మొదటి క్లోతార్ భార్య, చిల్పెరిక్ రాజుకు తల్లి అయిన ఆర్నెగుండ ఆమె. పట్టుబట్టల ఆనవాళ్లతో పాటు ఆమె ఒంటి మీద గార్నెట్లు పొదిగిన గుండ్రటి పతకాల జత దొరికింది. 6వ శతాబ్దపు చివరి భాగంలో ఆమెను అక్కడ ఉంచారు.

ఆ గుడి సమాధుల్లో దొరికిన నగల రాళ్లు ఎక్కడివి? వాటిని గోకడానికి వీల్లేదు, విడదీయడానికి వీల్లేదు. లూవ్ర్ మ్యూజియం నేలమాళిగలో ఇలాంటి ప్రశ్నల కోసమే ఒక యంత్రం ఉంది. దాని పేరు అగ్లే. మ్యూజియం కోసమే కట్టిన కణ త్వరణ యంత్రం అది, 1980ల చివర్లో పని మొదలుపెట్టింది. ప్రోటాన్ల కిరణాన్ని మహావేగంగా తోలి, అతి పలచని కిటికీ గుండా గాలిలోకి వదిలి, నగ మీద ఒక చుక్కంత మేర తాకిస్తారు. నగను శూన్యపు గదిలో పెట్టే అవసరం కూడా లేదు. ప్రోటాన్లు తాకిన పరమాణువులు ఎక్స్ కిరణాలు వెలువరిస్తాయి. ఇనుముది ఒక రకం, మెగ్నీషియంది ఒక రకం, కాల్షియం, మాంగనీస్, క్రోమియం, ఇట్రియం, ఒక్కోదానిది ఒక్కో రకం. తొమ్మా కాలిగారో, పాత్రిక్ పెరాఁ, వాళ్ల సహచరులు సాన్ దెనీ నగలను, ఇతర ఫ్రాంకుల నగలను ఈ యంత్రం ముందు ఒక్కో పలక చొప్పున ఓపిగ్గా పరీక్షించారు.

దీనికి జోడుగా రామన్ పద్ధతి. లేజర్ వెలుగు రాయి మీద పడి చెదిరినప్పుడు దాని రంగులో వచ్చే చిన్న మార్పును బట్టి ఆ ఖనిజం ఏదో పట్టేసే పద్ధతి అది. 1928లో కలకత్తాలో సి.వి. రామన్ కనిపెట్టిన ఫలితమే దానికి ఆధారం. ఆయన బాల్యం గడిచింది విశాఖపట్నంలో, తండ్రి అక్కడి కళాశాలలో అధ్యాపకుడు. యూరప్ గుడుల నిధుల మీద ఈ పద్ధతిని చాలా చోట్ల వాడారు. బాసెల్ కేథడ్రల్ శిలువ మీది రాళ్ల గురించి 2004లో వ్యాసం వచ్చింది. గార్నెట్లలో ఆల్మండైన్‌దీ పైరోప్‌దీ గీతలు కొద్దిపాటి తేడాతో వేర్వేరు చోట్ల పడతాయి. ఆల్మండైన్ బలమైన గీత 916 దగ్గర పడుతుంది. మన ఊళ్లో బంగారం కొట్టు మెట్లెక్కిన ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చిన అంకె ఇది, ఇరవై రెండు క్యారట్ల గుర్తు. కేవలం కాకతాళీయమే. అయినా ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

యంత్రాలు చెప్పిన కథ ఇది. మొదటి తరాల ఫ్రాంకుల నగల్లో ఎక్కువ గార్నెట్లు భారతదేశపు ఆల్మండైన్లు, వాటితో పాటు శ్రీలంక వైపు నుంచి వచ్చిన మరో రకం. ఫ్రాంకుల రాణి నగలో పొదిగిన ఎరుపు హిందూ మహాసముద్రం దాటి, ఎర్ర సముద్రం ఎక్కి, మధ్యధరా రేవుల్లో చేతులు మారి వెళ్లింది. 6వ శతాబ్దంలో కాస్మస్ అనే అలెగ్జాండ్రియా వర్తకుడు రాసిన గ్రంథంలో కాబెర్ అనే రేవు నుంచి అలబందెనం ఎగుమతి అవుతుందని ఉంది. కాబెర్ అంటే కావేరీపట్నం అనీ, అలబందెనం అంటే గార్నెట్ అనీ చాలామంది పండితుల అభిప్రాయం.

ఇక్కడ మన నేల ప్రస్తావన వస్తుంది. కొత్తగూడెం పట్టణానికి దగ్గర్లో గరీబ్‌పేట కొండ ఉంది. ఆ కొండ రాళ్లు అరిగి, కిందికి దొర్లి, మట్టిలో గార్నెట్ గింజలను వదిలాయి. శతాబ్దాల పాటు మనుషులు వాటిని ఏరుకున్నారు. 2017లో కార్ల్ ష్మెట్సర్, ఆల్బర్ట్ గిల్గ్ తదితరులు పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు తవ్వకాల్లో దొరికిన గార్నెట్ పూసలను, ముడిరాళ్లను గరీబ్‌పేట రాళ్లతో పోల్చి చూశారు. కాలిగారో, పెరాఁ కూడా ఆ బృందంలో ఉన్నారు. రసాయన కూర్పు ఒకటే. రాయి నడిగర్భంలో గుమిగూడిన సిల్లిమనైట్ నారలు, చుట్టూ శుభ్రమైన అంచు, ఆ అమరిక కూడా ఒకటే. ఖమ్మం సీమ రాయి ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు దక్షిణానికి పోయి అరికమేడులో పూసైంది. మరుసటి ఏడాది అదే రంగంలో ఇంకో వ్యాసం. తొలి బైజాంటైన్ కాలంలో చెక్కిన ఒక ఆల్మండైన్ కూడా గరీబ్‌పేటదేనని అందులో నిరూపించారు. మన దేశంలో గార్నెట్ గనులు రాజస్థాన్‌లోనూ ఉన్నాయి, ఒడిశాలోనూ ఉన్నాయి. అందుకని ఫ్రాంకుల నగల్లోని భారతీయ రాళ్లన్నిటినీ మన ఖాతాలో వేసుకోకూడదు. ఆ ఒక్క బైజాంటైన్ రాయి చాలు, కొత్తగూడెం మట్టికీ కాన్‌స్టాంటినోపుల్ ప్రపంచానికీ మధ్య దారి ఉండేదని చెప్పడానికి.

విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో నడిచినవాళ్లకు ఇసుకలో అక్కడక్కడా ఎర్రటి చారలు కనిపిస్తాయి. తూర్పు కనుమల రాళ్ల నుంచి కొట్టుకొచ్చిన గార్నెట్ పొడి అది. సాన్ మోరీస్ పెట్టె బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు తట్టింది ఆ చారలే.

*

6వ శతాబ్దం చివరికి, 7వ శతాబ్దంలోకి వచ్చేసరికి యంత్రాల లెక్క మారిపోతుంది. నగల్లో భారతీయ ఆల్మండైన్ తగ్గి, పైరోప్ అనే మరో గార్నెట్ పెరుగుతుంది. మెగ్నీషియం ఎక్కువ, క్రోమియం జాడ ఉన్న ఈ రకం మధ్య యూరప్‌లోని బోహీమియాది. తూర్పు సరుకు ఎందుకు తగ్గిందన్న దాని మీద వాదాలు నడుస్తున్నాయి. దక్షిణ అరేబియా పర్షియన్ల చేతికి పోయి ఎర్ర సముద్రపు దారి బిగుసుకుందని కొందరు, మోజులే మారాయని కొందరు. నాకు ఆ వాదాల కన్నా కంసాలుల జవాబు ఆసక్తిగా ఉంటుంది.

బోహీమియా పైరోప్ గింజలు చిన్నవి. కొన్ని మిల్లీమీటర్లకు మించవు. వాటి నుంచి వెడల్పాటి పలకలు రావు. అప్పుడు పనివాళ్లు ఏం చేశారు? గదులు చిన్నవి చేశారు. గదికీ గదికీ మధ్య లోహాన్ని కనపడనిచ్చారు. ఎర్ర తివాచీలా పరుచుకున్న పాత నమూనా పోయి, బంగారు నేల మీద ఎరుపు చుక్కలు చుక్కలుగా వచ్చింది. తీగపని పెరిగింది. రంగు గాజు చేరింది. కళా చరిత్రకారులు చాలాకాలం దీన్ని అభిరుచి మార్పుగానే రాశారు. రాయి పరిమాణమే నమూనాను నడిపించి ఉండవచ్చని రసాయన పరీక్ష తర్వాతే గట్టిగా అనగలిగారు. ముడిసరుకు తరిగినప్పుడు పని నాసిరకం చేసుకోకుండా, ఉన్న రాయికి తగ్గ అందాన్ని వెతుక్కున్న చేతులవి. వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే.

ఆ కాలపు కంసాలుల్లో పేరుమోసినవాడు ఎలిజియస్. లిమోజ్‌లో టంకశాల అధికారి అబ్బో దగ్గర పని నేర్చుకున్నాడు. రెండో క్లోతార్ రాజు సింహాసనం చేయమని బంగారం ఇస్తే, అదే బంగారంతో రెండు చేసి తెచ్చాడని ఆయన జీవిత కథ చెబుతుంది. బంగారం విషయంలో కంసాలి మీద అనుమానం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. దాన్ని తిరగేసిన కథ కనుకే జనం అన్ని శతాబ్దాలు గుర్తుపెట్టుకున్నారు. ఆయన తర్వాత రాజుల నాణేలు ముద్రించాడు, 641లో నోయోఁకు బిషప్ అయ్యాడు. సాన్ దెనీ గుడికి ఆయన చేసిన పెద్ద బంగారు శిలువ వెయ్యేళ్లకు పైగా అక్కడ నిలిచింది. 1500 ప్రాంతంలో వేసిన ‘సెయింట్ గైల్స్ ప్రార్థన’ అనే చిత్రంలో గుడి బలిపీఠం మీద ఆ శిలువ కనిపిస్తుంది. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆ చిత్రాన్ని చూస్తే చిత్రకారుడు ఒక్కో రాయిని ఎంత శ్రద్ధగా దించాడో తెలుస్తుంది. ఫ్రెంచి విప్లవంలో శిలువ కరిగిపోయింది. ఒక్క ముక్క మిగిలింది. పారిస్‌లో జాతీయ గ్రంథాలయపు నాణేల విభాగంలో ఉంది. అరచేతిలో పట్టే ఆ ముక్క, ఆ చిత్రం, ఇవే ఇప్పుడు ఆధారాలు.

ఎలిజియస్ బంగారం గురించి మాట్లాడితే ఆ శతాబ్దపు బంగారం గురించి మాట్లాడాలి. ఫ్రాంకుల గనుల్లో బంగారం కొద్దిగానే ఉండేది. చాలావరకు బైజాంటైన్ నాణేలు కరిగించిందే. తూర్పు నుంచి నాణేలు రావడం తగ్గేకొద్దీ వెండి కలపడం పెరిగింది. నాణేల పరీక్షల్లో ఇది మెట్లు దిగినట్టు కనిపిస్తుంది. 7వ శతాబ్దం మొదట్లో తొంభై శాతం దరిదాపుల్లో ఉన్న బంగారం, ఆ శతాబ్దం మూడో పాదం ముగిసేసరికి సగానికన్నా తక్కువ. ఆ తర్వాత బంగారు నాణెమే పోయి దెనియే అనే వెండి నాణెం వచ్చింది.

లోహాన్ని పరీక్షించేటప్పుడు ఒక చిక్కు ఉంది. దాన్ని మన కంసాలులు చెప్పకుండానే గ్రహిస్తారు. కల్తీ బంగారాన్ని పులుపులో వేసి తోమితే పైపొరలోని రాగి కొట్టుకుపోయి, పైన మేలిమి మెరుస్తుంది. చింతపండు పని అదే. వెయ్యేళ్లు మట్టిలోనో చెమ్మలోనో ఉన్న నగకు ప్రకృతే ఆ పని చేస్తుంది. హాల్‌మార్క్ కేంద్రాల్లో వాడే రకం ఎక్స్ కిరణాల యంత్రం పైపొరను మాత్రమే చూస్తుంది. కాబట్టి అది చూపిన అంకెను నమ్మి ‘మేలిమి’ అని రాసేస్తే తప్పవుతుంది. అరిగిన అంచు దగ్గర, పాత గీత లోపల, చూసి చూసి కొలవాలి. గిల్టు విషయంలో మాత్రం ఆ పైపొరే సాక్షి. వెండి మీద బంగారపు పూతలో పాదరసం జాడ దొరికితే, బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి, నిప్పు మీద పాదరసాన్ని ఆవిరి చేశారని అర్థం. పూసినవాడి ఊపిరితిత్తులకు ఆ ఆవిరి ఏం చేసిందో ఏ శాసనమూ చెప్పదు.

*

సాన్ దెనీ భాండాగారంలోనే ఫ్రాన్స్ రాజుల పవిత్ర కిరీటం ఉండేది. దాని కలువ పువ్వు నడుమ యాభై క్యారట్లు దాటిన పచ్చ. కిరీటాన్ని 1794లో కరిగించారు. పచ్చ మాత్రం బతికి, పారిస్ ప్రకృతి శాస్త్ర మ్యూజియం చేరింది. 2000 సంవత్సరంలో గాస్తోన్ జూలియాని, అతని సహచరులు ఆ పచ్చ పుట్టుకను తేల్చారు. అయాన్ల సన్నటి కిరణంతో, కంటికి కనపడనంత చిన్న గుంట తీసి, అందులోని ఆక్సిజన్ పరమాణువుల్లో బరువైనవి ఎన్ని, తేలికైనవి ఎన్ని అని లెక్కించారు. పచ్చ ఏ రాళ్ల మధ్య పెరిగిందో ఆ నిష్పత్తి పట్టిస్తుంది. ఆస్ట్రియా ఆల్ప్స్‌లోని హాబాఖ్‌తాల్ లోయ అని లెక్క తేలింది. తూర్పు దేశాల నుంచో, ఈజిప్టు నుంచో వచ్చిందనుకునే రాయి పక్క కొండల్లోది.

అదే పరిశోధనలో హైదరాబాద్ నిజాం ఖజానాకు చెందిన నాలుగు పచ్చలు కూడా ఉన్నాయి. వ్యాపారులు తరతరాలుగా వాటిని ‘పాత గని’ పచ్చలనేవారు, ఆసియాలో ఎక్కడో మరుగునపడిన గని ఉందనుకునేవారు. నాలుగింటిలో మూడు దక్షిణ అమెరికాలోని కొలంబియావని, ఒకటి అఫ్గానిస్థాన్‌దని తేలింది. స్పెయిన్ ఓడల్లో సముద్రాలు దాటి గోల్కొండ రాజ్యాల వారసుల పెట్టెల్లోకి చేరిన రాళ్లు. గార్నెట్ మన దగ్గర నుంచి అక్కడికి, పచ్చ అక్కడి మీదుగా మన దగ్గరికి. వెయ్యేళ్ల తేడాతో రెండు ప్రయాణాలు.

సాన్ దెనీ గుడికి 12వ శతాబ్దంలో సుజే మఠాధిపతి. తన గుడి కోసం రాళ్లు ఎలా దొరికాయో ఆయన స్వయంగా రాసుకున్నాడు. బంగారు శిలువకు రత్నాలు చాలక దిగులుపడుతుంటే, వైభవం వద్దనుకున్న వేరే మఠాల సన్యాసులు తమకు దానంగా వచ్చిన రాళ్లు అమ్మజూపారట. నాలుగు వందల పౌండ్లకు కొన్నాడు. వాటి విలువ అంతకన్నా ఎక్కువేనని కూడా ఒప్పుకున్నాడు. రాళ్ల పట్ల ఆయనకున్న ప్రేమ నిజమైనది. ఆ వెలుగు మనసును పైలోకానికి ఎత్తుతుందని నమ్మాడు. కానీ ఆయన రాతల్లో రాళ్ల పేర్లున్నంతగా వాటిని పొదిగినవాళ్ల పేర్లు లేవు. ఆ లోటు చదివిన ప్రతిసారీ నాకు సాన్ మోరీస్ పెట్టె వెనక గళ్లే గుర్తుకొస్తాయి.

*

జర్మనీలో ట్రియర్ నగరపు ఆర్చిబిషప్ ఎగ్బర్ట్ 977, 993 సంవత్సరాల మధ్య సెయింట్ ఆండ్రూ చెప్పును భద్రపరచడానికి ఒక పెట్టె చేయించాడు. మూత మీద బంగారు రేకు తొడిగిన మనిషి పాదం. పక్కలకు ఏనుగు దంతం, మీనాకారీ పలకలు, ముత్యాలు. ఒట్టో అనే పేరున్న చక్రవర్తుల కాలపు కంసాలులు ఎంత నిపుణులో చూపించే పని అది.

అప్పటికి గార్నెట్ పలకల విద్య పాతబడి మూడు వందల ఏళ్లు. ఆ మెట్ల అంచులు కోసే చక్రాలు లేవు, రేకుల మీద గళ్లు అద్దే అచ్చులు లేవు. ఎగ్బర్ట్ పనివాళ్ల చేతికి ఎక్కడి నుంచో ఒక పాత ఫ్రాంకుల పతకం వచ్చింది. గుండ్రటిది. మధ్యలో జస్టీనియన్ చక్రవర్తి బంగారు నాణెం, చుట్టూ ఎర్రటి గార్నెట్ గదులు. రాళ్లు ఊడదీసి వేరే పొదుగుకోవచ్చు, బంగారం కరిగించుకోవచ్చు. ఆ రోజుల్లో అందరూ చేసిన పని అదే. వాళ్లు పతకాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని, పెట్టె చివర పక్క నడిమధ్యన, దాని కొలతకు సరిగ్గా చోటు చేసి, చుట్టూ తమ ముత్యాలు, తమ మీనాకారీ పేర్చి, అక్కడ కూర్చోబెట్టారు.